నక్షత్ర తాబేలును అప్పగించే చోటు చూపించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్లకు బహిరంగ లేఖ



తొలకరి పడి రాయలసీమ మెట్టల్లో గడ్డి మొలకెత్తగానే నక్షత్ర తాబేళ్లు పొదల చాటు నుంచి మేతకు బయలుదేరతాయి. నల్లటి డిప్ప, దాని మీద ఒక్కో పలక నడిమి నుంచి అంచులకు విచ్చుకునే పసుపు చారలు. ఎండా నీడా కలిసిన గడ్డి దుబ్బుల్లో అది కదలకుండా ఉంటే పక్కనుంచి నడిచి వెళ్లేవాళ్లకు కూడా కనిపించదు. అదే జీవిని గచ్చు మీద పెడితే ఎవరూ చూపు తిప్పుకోలేరు. ఆ అందమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. 2015లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, మన దేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం కోసం ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను అక్రమంగా పట్టారు. వాటిలో చాలావరకు విదేశాలకు పోతాయి. చెన్నై విమానాశ్రయంలో సూట్‌కేసుల నిండా పట్టుబడిన వార్తలు మీకు కొత్త కాదు.

ఈ లేఖ ఆ సూట్‌కేసుల గురించి కాదు. దొంగరవాణాను పట్టుకోవడానికి మీకు చట్టం ఉంది, సిబ్బంది ఉన్నారు. లేనిదల్లా ఇళ్లలోకి ఒకటీ అరా చేరిన తాబేళ్లకు దారి. పొలం దున్నుతుంటే దొరికిందని ఒకరు ఇంటికి తెస్తారు. దుకాణంలో చాటుగా అమ్మితే పిల్లలు ముచ్చటపడ్డారని ఇంకొకరు కొంటారు. ఊరు మారుతున్న స్నేహితులు అప్పజెప్పి పోతే కాదనలేక ఉంచుకున్నవారున్నారు. లక్ష్మి నడిచొస్తుందని, వాస్తుకు మంచిదని నమ్మి తెచ్చుకున్నవారూ తక్కువేమీ లేరు. వీరిలో చాలామందికి అది నేరమని తెలియదు. తెలిసిన రోజున ఏం చేయాలో అసలే తెలియదు.

నేరం చిన్నది కూడా కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో నక్షత్ర తాబేలు చాలాకాలం నాలుగో షెడ్యూల్లో ఉండేది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక అది పులితో పాటు మొదటి షెడ్యూల్లోకి చేరింది. అంతర్జాతీయంగానూ 2019లో జెనీవా సమావేశంలో దాన్ని వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. ఆ ప్రతిపాదన పెట్టిన దేశాల్లో మనదీ ఒకటి. మొదటి షెడ్యూల్ ప్రాణి విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గని జైలు, అది ఏడేళ్ల దాకా పోవచ్చు. జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. మన చెరువుల్లో కనిపించే మామూలు తాబేలుకు కూడా ఈ మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. నీళ్లు శుభ్రంగా ఉంటాయని బావిలో తాబేలు వేసే అలవాటున్న ఊళ్లలో ఈ సంగతి ఎంతమందికి చేరింది?

చట్టం కఠినంగా ఉండటం సరైనదే. అడవిలోంచి తీసిన ప్రతి తాబేలు వెనకా దాన్ని ఏరుకొచ్చిన చేయి, కొన్న దళారి ఉంటారు. కొనేవాళ్లు ఉన్నంతకాలం ఏరేవాళ్లు ఉంటారు. కానీ అదే చట్టం తెలియక తెచ్చుకున్న ఇంటిని భయపెట్టి, ఆ భయంతో తాబేలు ప్రాణం తీయిస్తోంది. చీకటి పడ్డాక సంచిలో వేసుకెళ్లి దగ్గర్లోని చెరువులోనో కోనేటిలోనో వదిలేస్తారు. తాబేలంటే నీటి ప్రాణి అనుకుంటారు కాబట్టి పుణ్యమే చేశామని నమ్ముతారు. నక్షత్ర తాబేలు మెట్ట ప్రాణి. దానికి ఈదడానికి పనికొచ్చే వేళ్ల మధ్య పొర లేదు, ఏనుగు కాళ్లలాంటి మొద్దు కాళ్లున్నాయి. లోతు నీళ్లలో పడితే మునిగి చస్తుంది.

అడవిలో వదిలినా మేలు జరగదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నక్షత్ర తాబేళ్ల డీఎన్ఏను పరిశీలించి, దక్షిణాది తాబేళ్లకూ గుజరాత్, రాజస్థాన్ వైపు వాటికీ జన్యుపరంగా తేడా ఉందని చూపించారు. ఎక్కడిదో తెలియని తాబేలును ఎక్కడపడితే అక్కడ వదిలితే ఆ తేడా చెరిగిపోతుంది. దానికన్నా ముందు వచ్చేది రోగం. అమెరికాలో మొహావీ ఎడారి తాబేళ్లను ముక్కు, ఊపిరితిత్తుల జబ్బు పీడించింది. ఆ మైకోప్లాస్మా సూక్ష్మజీవి వ్యాపించడంలో జనం పెంచి వదిలేసిన తాబేళ్ల పాత్ర ఉందని అక్కడి శాస్త్రవేత్తలు అనుమానించారు. ఆ తాబేలును 1990లో ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు.

అందువల్ల మిమ్మల్ని కోరేవి రెండు. తాబేలును భయం లేకుండా అప్పగించే చోటు ఒకటి. అప్పగించేదాకా దాన్ని ప్రాణాలతో ఉంచుకోవడానికి కావలసిన జాగ్రత్తలు తెలుగులో, మీ శాఖ ముద్రతో, ఇంకొకటి. రెండోదాన్ని ముందు చెప్పడానికి కారణం ఉంది. ఇంట్లోకి వచ్చిన మొదటి పది పదిహేను రోజుల్లో ప్రేమతో చేసే పనులే తాబేలుకు ఎక్కువ హాని చేస్తాయి.

మొదట నీళ్ల టబ్బు. కొత్త తాబేలు రాగానే చాలా ఇళ్లలో ప్లాస్టిక్ టబ్బులో సగందాకా నీళ్లు పోసి, రెండు రాళ్లు వేసి అందులో దించుతారు. దానికి కావలసింది పొడి నేల. మట్టి, ఎండుగడ్డి, దూరి దాక్కోవడానికి బోర్లించిన కుండ పెంకు లాంటి చాటు. నున్నటి టైల్స్ మీద దాని కాళ్లు పట్టు దొరక్క జారి పక్కలకు విచ్చుకుపోతాయి, ఎదిగే పిల్లకైతే కీళ్లు దెబ్బతింటాయి. నీళ్లు అసలు వద్దని కాదు. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు, గడ్డం దాటనంత లోతు, పదిహేను ఇరవై నిమిషాలు. అందులో నిలబడి తాగుతుంది, విసర్జిస్తుంది. తర్వాత తుడిచి పొడి నేల మీదికి.

తర్వాత తిండి. అన్నం, పాలు, బ్రెడ్డు, బిస్కెట్టు, కుక్కలకు పెట్టే గుళికలు, ఇవేవీ దానివి కావు. అది గడ్డి మేసే ప్రాణి. పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, సున్నం ఎక్కువ ఉన్న మేత దానికి సరిపడుతుంది. గరిక, మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకు, ముళ్లు కాల్చి తీసేసిన నాగజెముడు మట్టలు మన ఊళ్లలో దొరికే మంచి మేత. పాలకూర రోజూ పెడితే అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వవు. దోసకాయ, టమాటా, తీపి పండ్లు నోటికి రుచే, కడుపుకి మాత్రం కావు. మూలికల దుకాణాల్లో సముద్రపు నురుగు అని అమ్మే తెల్లటి ముక్క ఒకటి మేత పక్కన ఉంచితే కొరుక్కుంటుంది. అది కటిల్ చేప లోపలి గుల్ల, దాదాపు అంతా సున్నమే.

సున్నం ఎంత తిన్నా ఎండ లేకపోతే ఎముకకు పట్టదు. ఎండలోని యూవీ-బి కిరణాలు చర్మం మీద పడితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. కిటికీ అద్దం ఈ కిరణాలను ఆపేస్తుంది, అంటే అపార్ట్‌మెంటులో అద్దం వెనక ఎండ పడే మూల ఎంత వెలుగ్గా ఉన్నా దానికి చీకటి గదే. మన తెలుగు నేలలో ఎండకు కొదవ లేదు. పొద్దున్నే కొంతసేపు బయట మట్టిలో ఉంచితే చాలు, పక్కన నీడ ఉండాలి. మే నెలలో మిట్టమధ్యాహ్నం బాల్కనీలో పెట్టి మర్చిపోతే గంటలో పోతుంది. అడవిలో అయితే ఆ వేళకు పొద కిందికి దూరిపోయేది.

ఎండా సున్నమూ కరువైన తాబేలును గుర్తుపట్టడం కష్టం కాదు. డిప్పను వేళ్లతో మెల్లగా నొక్కితే గట్టిగా ఉండాల్సింది లోపలికి దిగుతుంది. నక్షత్ర తాబేలు పలకలకు సహజంగా కొంత ఎత్తు ఉంటుంది. కానీ సంరక్షణ సరిగా లేని పిల్లల్లో ఒక్కో పలకా గోపురంలా పైకి లేచి, మధ్యలో గాడులు పడతాయి. ముక్కు పొడవై కింది పెదవి మీదికి వంగుతుంది, నడిచేటప్పుడు పొట్ట నేలకు రాసుకుంటుంది. ఇలా వంకరపోయిన ఎముక తర్వాత ఎంత మంచి మేత పెట్టినా తిన్నగా కాదు.

ఇక్కడ ఇంకో మాట. డిప్ప తాబేలు వేసుకున్న కవచం కాదు, దాని వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయి ఏర్పడిన సొంత ఒళ్లు. అందులో రక్తం పారుతుంది, నరాలున్నాయి. పూజ కోసం పసుపు కుంకుమ పూసినా, మెరుగు కోసం నూనె, రంగు రాసినా దాని మీద భారం వేసినట్టే. తాడు కట్టడానికి అంచుకు బెజ్జం వేయడమైతే ఎముకకు బెజ్జం వేయడమే.

పక్కటెముకలు డిప్పలో కలిసిపోయాయి కాబట్టి మనలా ఛాతీ పొంగించి ఊపిరి తీసుకోలేదు. కాళ్ల దగ్గరి కండరాలతో గాలిని లాగుతుంది. మనకున్న విభాజక పటలం దానికి లేదు, అందుకే గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి తోయలేదు. కాబట్టి ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ కనిపించినా, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి తీస్తున్నా జలుబులే అని ఊరుకోకూడదు. ఏసీ గదిలో నేల మీద వదిలిన తాబేళ్లకు ఇది తరచూ వస్తుంది. అది తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేదు. చల్లబడితే ముందు మేత మానేస్తుంది, తర్వాత జబ్బు పడుతుంది.

వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లినా గండం తీరినట్టు కాదు. కుక్కలకు, పశువులకు పురుగుల మందుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు విషం. కాళ్లూ మెడా చచ్చుబడి చనిపోతుంది. మండలాల్లోని పశువైద్యశాలల్లో రోజూ చూసేది గేదెలను, మేకలను. తాబేలు ఎప్పుడో ఒకసారి వస్తుంది. రాజేంద్రనగర్‌లోనూ తిరుపతిలోనూ పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. తాబేళ్లకు ఏ మందు ఇవ్వకూడదో, ఎంత మోతాదు ఇవ్వవచ్చో ఒక పేజీ రాసి ప్రతి వైద్యశాల గోడకు అంటించడానికి ఆ రెండు సంస్థల సాయం తీసుకోవడం మీకు పెద్ద పని కాదు.

మనుషుల జాగ్రత్త కూడా మీరు తెలుగులో ఇచ్చే సూచనల్లో ఉండాలి. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీదా మలంలోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు. పసిపిల్లలు దాన్ని పట్టుకుని అదే చేయి నోట్లో పెట్టుకుంటే విరేచనాలు, జ్వరం. పిల్లలకు ఇలా సోకుతోందని అమెరికా ప్రభుత్వం 1975లో నాలుగంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించింది. మన ఇళ్లలో తాబేలు పళ్లేన్ని వంటింటి సింకులో కడుగుతారు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమని, ఆ పళ్లెం బయటి కుళాయి దగ్గర కడగమని రెండు వాక్యాలు రాస్తే చాలు.

ఇదంతా చదివి ఎవరైనా సరే అప్పగించేద్దాం అనుకుంటే, ఎక్కడ? చట్టాన్ని తిరగేస్తే దారి కొంత కనిపిస్తుంది. వన్యప్రాణి ఎలా చేతికొచ్చినా 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషనుకో అధికారికో తెలియజేయాలని 39వ సెక్షన్ అంటుంది. ఆ 48 గంటలు దాటినవాడి గతేమిటన్నది జనానికి అంతుపట్టదు. 2022 సవరణలో 42ఏ అనే కొత్త సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవారు ఏడు పనిదినాల ముందు నోటీసు ఇచ్చి ప్రాణిని మీకు స్వచ్ఛందంగా అప్పగించవచ్చు. పొలంలో దొరికిన తాబేలును ఇంటికి తెచ్చుకున్న రైతు దగ్గర ధ్రువపత్రం ఎక్కడిది? అవసరం ఎక్కువున్నవాడికే ఈ తలుపు మూసి ఉంది.

ముందు ఇలాంటి వెసులుబాటు ఇవ్వలేదా అంటే ఇచ్చారు. 2003లో కేంద్రం నిబంధనలు తెచ్చి, తమ దగ్గరున్న వన్యప్రాణులనూ వాటి భాగాలతో చేసిన వస్తువులనూ వెల్లడించుకోవడానికి 180 రోజుల గడువు పెట్టింది. 2020 జూన్‌లో విదేశీ జాతుల ప్రాణులున్నవారు ఆరు నెలల్లో ఏ పత్రాలూ చూపకుండా చెప్పుకోవచ్చంది. దేశమంతటా వేలమంది ముందుకొచ్చారు. 2024 ఫిబ్రవరిలో ఆ జాతుల నమోదుకు పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఏర్పాటు చేసింది. ఆఫ్రికా నుంచి వచ్చిన సుల్కాటా తాబేలును పెంచేవారికి అలా ఒక దారి దొరికింది. మన మెట్టల్లో పుట్టిన నక్షత్ర తాబేలును తెచ్చుకున్నవారికి మాత్రం 2003 తర్వాత అలాంటి గడువు రాలేదు. వాటిని ఇళ్లలోనే ఉండనివ్వమని, కాగితాలిమ్మని ఈ లేఖ అడగడం లేదు. అలా ఇస్తే అడవిలోంచి ఏరుకొచ్చేవాళ్లకు రేపే కొత్త గిరాకీ మొదలవుతుంది. అడిగేది తిరిగి తీసుకోమని మాత్రమే.

అప్పగించే చోటు ఉంటే జనం తెచ్చి ఇస్తారా అన్న అనుమానానికి శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మమే జవాబు. కూర్మనాథుడి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పోషిస్తున్నారు. దొరికిన తాబేలును భక్తులు తెచ్చి స్వామి దగ్గర వదలడం అక్కడి ఆనవాయితీ. గుడికి తెచ్చేవారికి కేసు భయం ఉండదు, పైగా మంచిపని చేశామన్న తృప్తి. భక్తితో నిలిచిన ఆ ఏర్పాటుకు మీ శాఖ వైద్యుడి రాకపోకలు, కొత్తగా వచ్చినవాటిని కొన్ని వారాలు విడిగా ఉంచే స్థలం, ఏ తాబేలు ఎప్పుడు వచ్చిందో రాసే పుస్తకం తోడైతే ఎంతో బలం వస్తుంది. ఇరుకు చోట ఎక్కువ తాబేళ్లు చేరితే ఒకదాని జబ్బు అన్నిటికీ అంటుతుంది. దేవుడి పేర వచ్చిన ప్రాణులకు అది జరగకూడదు.

కేరళలో ఇంకో అనుభవం ఉంది. చెవుల దగ్గర ఎర్రచారతో, అరచేతిలో ఇమిడే బుల్లి తాబేలుగా అమ్ముడయ్యే రెడ్ ఇయర్డ్ స్లైడర్ అమెరికా జాతి. పెరిగి అక్వేరియంలో పట్టనంత పెద్దదవుతుంది, జనం కాలువల్లో వదిలేస్తారు, అక్కడి మన తాబేళ్ల తిండినీ చోటునూ ఆక్రమిస్తుంది. త్రిస్సూర్ దగ్గర పీచిలో ఉన్న కేరళ అటవీ పరిశోధన సంస్థ, వాటిని నీళ్లలో వదలొద్దు, తెచ్చి మాకివ్వండి అని పిలుపునిచ్చింది. జనం తెచ్చి ఇచ్చారు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ దుకాణాల్లో అమ్ముడైన స్లైడర్లు ఇప్పుడు ఏ చెరువుల్లో ఉన్నాయో ఎవరూ లెక్కగట్టలేదు. నక్షత్ర తాబేలు కోసం తెరిచే తలుపు స్లైడర్‌కూ పనికొస్తుంది.

అమెరికాలో ఫీనిక్స్ నగరం చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇంకో పద్ధతి పరిచయమే. అరిజోనాలో సొనోరన్ ఎడారి తాబేలును అడవి నుంచి పట్టుకోవడం నేరం. కానీ ఎన్నో ఏళ్లుగా ఇళ్లలో పెరిగి, తిరిగి అడవికి పంపలేని తాబేళ్లను అక్కడి గేమ్ అండ్ ఫిష్ శాఖ దత్తత ఇస్తుంది. గోడ కట్టిన పెరడు, నేలలో తవ్విన బొరియ, నీడ ఉన్నాయని చూపించుకోవాలి. ఆడా మగా కలిపి ఉంచి పిల్లలు పెట్టించకూడదు, రాష్ట్రం దాటించకూడదు, అడవిలో వదలకూడదు. మన చట్టం ప్రకారం ఇక్కడ దత్తత కుదరదు, కుదరాలని కూడా ఇప్పుడు కోరనక్కర్లేదు. నేర్చుకోవాల్సింది, ఒక ప్రభుత్వ శాఖ తాబేలు బాగోగులను ప్రజలకు ఓపిగ్గా చెప్పడం తన పనుల్లో ఒకటిగా పెట్టుకోవడం.

అప్పగించిన తాబేళ్లను ఎక్కడ ఉంచాలన్నది మీకు వచ్చే సందేహం. నిజమే, అప్పగించిన ప్రతి తాబేలూ దశాబ్దాల బాధ్యత. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో 2024 మార్చిలో చనిపోయిన గాలపాగోస్ తాబేలుకు 125 ఏళ్లని అధికారులు చెప్పారు. 1963లో బాగ్-ఎ-ఆమ్ నుంచి జూకు వచ్చిన దాన్ని అన్నేళ్లు సాకిన మనుషులు మన మధ్యే ఉన్నారు. ఆ అనుభవం జూలో ఉంది, విశాఖ ఇందిరాగాంధీ జూలో, తిరుపతి వెంకటేశ్వర జూలో ఉంది. 2018 నవంబర్‌లో సింగపూర్‌లో పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్లను కర్ణాటక అటవీశాఖ విమానంలో వెనక్కి తెచ్చుకుంది. వాటిని పరీక్షించి, అలవాటు చేసి, సరైన చోట వదిలే పని కోసమే తెచ్చుకుంది. విదేశం నుంచి తెచ్చుకోగలిగిన చోట, మన వీధి చివరి ఇంటి నుంచి తెచ్చుకోవడం అసాధ్యమేమీ కాదు.

కాబట్టి ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఒకటి రెండు తాబేళ్లు మాత్రమే ఉండి, వ్యాపారంతో సంబంధం లేనివారు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పైన చెప్పిన మూడు జూలలో గానీ జిల్లా అటవీ కార్యాలయంలో గానీ అప్పగించవచ్చని, వారి మీద కేసు పెట్టరని అందులో స్పష్టంగా రాయండి. కేంద్రం అనుమతి అవసరమైతే మీరిద్దరూ కలిసి అడగండి. తాబేలు ఎక్కడ దొరికిందో, ఎవరు అమ్మారో చెప్పమని అడగండి. ఇంటివాళ్లు భయం లేకుండా చెప్పే ఆ సమాధానాలు దళారులను పట్టుకోవడానికి మీకు దొరికే గట్టి ఆధారం. గడువు దాటాక ఇళ్లలో దొరికినవాటి విషయంలో చట్టాన్ని దాని పని చేయనివ్వండి.

జాగ్రత్తలు చెప్పే తెలుగు కరపత్రాన్ని రైతు సేవా కేంద్రాల్లో, పశువైద్యశాలల్లో, బడుల్లో, శ్రీకూర్మం గుడి ముందు అంటించండి. అందులో నక్షత్ర తాబేలు, చెరువు తాబేలు, స్లైడర్ మూడింటి ఫొటోలు, ఏది మెట్టది, ఏది నీటిది, ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి ఉంటే సరిపోతుంది. వానాకాలం మొదలైతే మెట్టల్లో తాబేళ్లు బయట తిరుగుతాయి, ఏరేవాళ్లూ అప్పుడే తిరుగుతారు, దుకాణాలకు కొత్త సరుకు చేరేదీ ఆ నెలల్లోనే. ఆ ఉత్తర్వూ కరపత్రమూ మే నెలాఖరుకు ముందే జిల్లాలకు చేరేలా చూడవలసిందిగా వినతి.